పీచు గోడల అర్ర

మా అక్క గొంతు పెద్దది. ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. చిన్నతనంలో మెదడుజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు బాగా వచ్చి ఉండటం వల్ల మాట మాత్రం నిలిచింది. తన మాట తనకే వినిపించని మనిషికి గొంతు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో ఎలా తెలుస్తుంది? ఇంట్లో నన్ను "అన్నం తిన్నవానే?" అని అడిగితే వీధి మొగలో పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్ళు తల తిప్పి చూసేవారు. నవ్విందంటే ఎదురింటి కప్పు మీది పావురాలు లేచిపోయేవి.

ఇది రాస్తుంటే నాకు నవ్వు రావాలి. రాదు. ఇన్నేళ్ళయినా ముందు కోపమే వస్తుంది.

డెబ్బైల మొదట్లో మేము దబీర్‌పురాలో, రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉండేవాళ్ళం. కింద ముందు భాగంలో బాపు దుకాణం, దాని వెనక ఒక గది, ఆ వెనక గోదాము, పైన మా కాపురం. గోనెసంచులు, తాళ్ళు, కొబ్బరిపీచు, పరుపుల దూది మా వ్యాపారం. తాత కాలం నుంచి అదే. ఇల్లంతా జనపనార వాసన. బళ్ళో పక్కన కూర్చున్న పిల్లలు "నీ దగ్గర సంచి వాసన వస్తది" అనేవాళ్ళు.

చెవులు పోయినా ఇంట్లో జరిగేవి మా అందరికంటే అక్కకే ముందు తెలిసేవి. పై అంతస్తు నేల చెక్క పలకల మీద పోసిన సున్నపు గచ్చు. ఎవరు మెట్లెక్కినా ఆ అదురు ఆమె అరికాళ్ళకు అందేది. ఎవరి అడుగో కూడా చెప్పేది. వంటింట్లో కూరగాయలు కోస్తూ కోస్తూ చటుక్కున తలెత్తి, "బాపు వస్తుండు, చెంబుల నీళ్ళు పెట్టు" అనేది. అమ్మ నీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి బాపు చివరి మెట్టు మీద ఉండేవాడు. గోడకు అరచెయ్యి ఆనించి నిలబడటం ఆమెకు అలవాటు. దుకాణం షట్టర్ లేచిందని, కింద హమాలీలు బేళ్ళు దొర్లిస్తున్నారని, స్టేషన్లోకి రైలు వచ్చిందని ఆ చేత్తోనే తెలుసుకునేది. కూతకు ముందే "బండొచ్చింది" అనేది. నేను చెవులున్నదాన్ని, నాకు అప్పటికి ఏమీ వినిపించేది కాదు.

ఆమె గది వెనక సందు వైపు ఉండేది. ఆ సందు ఎంత ఇరుకంటే అవతలి కిటికీలోంచి గిన్నె అందించవచ్చు. అవతలి ఇంట్లో ఒక దర్జీ కుటుంబం. ఆ ఇంటావిడను మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆమె గడప దాటడం తక్కువ. అక్క కూడా బయటికి పోయేది కాదు. కనుక ఇద్దరి లోకమూ ఆ రెండు కిటికీల మధ్యనే. ఖాలా పెదాలు నెమ్మదిగా కదుపుతూ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. అక్క ఆ పెదాలు చదివి తన గొంతుతో జవాబు చెప్పేది. ఇవతలి సగం మాటలు వీధి వీధంతా వినేది. మిరపకాయల ఊరగాయ ఎలా పెట్టాలో మా వాడలో ఆడవాళ్ళు సగంమంది అక్క నోటి నుంచే నేర్చుకుని ఉంటారు.

అలా ఎవరికీ ఇబ్బంది లేకుండా చాలా ఏళ్ళు గడిచాయి. తర్వాత రెండు విషయాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. దుకాణానికి టెలిఫోన్ వచ్చింది. నాకు సంబంధాలు రావడం మొదలైంది.

కొబ్బరిపీచు కేరళ నుంచి వచ్చేది. ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా కాచుకుని కూర్చుంటే ఎప్పటికో కలిసేది. కలిసినా అవతలి మనిషి ఏ బావిలోంచో మాట్లాడినట్టు ఉండేది. బాపు రిసీవర్ నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని "హలో! హలో!" అని అరిచేవాడు. సరిగ్గా అప్పుడే పైన అక్క ఖాలాతో ఏదో చెప్పి నవ్వేది. బాపు ఫోన్ పెట్టేసి మెట్ల కిందికి వచ్చి, "ఏందీ లొల్లి! గా పిల్లను జర నోరు మూస్కొమ్మను. పార్టీలు ఏమనుకుంటరు?" అని అమ్మను కేకలు వేసేవాడు. ఫోన్లో ఆయన అరుపులే అక్క గొంతుకంటే పెద్దవి. అది ఎవరూ ఆయనతో అనలేదు. మగవాడు వ్యాపారం కోసం అరిస్తే అది పని. ఆడపిల్ల నవ్వితే అది లొల్లి.

నన్ను చూడటానికి మొదటిసారి ఒక కుటుంబం వచ్చింది. పేరున్న కిరాణా వ్యాపారులు. దుకాణం వెనక గదిలో చాపలు పరిచి కూర్చోబెట్టారు. అక్కను పైనే ఉండమన్నారు. ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ కిందికి వచ్చి మాటల్లో మరిచిపోయింది. మెట్ల మీది నుంచి అక్క పిలిచింది.

"అమ్మా! పాలు పొంగుతున్నయ్!"

పిల్లవాడి తల్లి ఉలిక్కిపడింది. చేతిలో చాయ్ ఒలికింది. "పైన ఎవరు?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూడలేదు. బాపు వైపూ చూడలేదు. చీర కొంగు సర్దుకుంటూ, "పనామె. దానికి జర చెవుడు" అంది.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని. కన్నతల్లి కన్నబిడ్డను పనామె అన్నది. నా తల దానంతటదే లేచింది. అందరి ముందే "ఏమన్నవమ్మా?" అన్నాను. బాపు గొంతు సవరించుకుని కిరాణా ధరల మాట ఎత్తాడు. వాళ్ళు ఫలహారం తిని, తర్వాత కబురు చేస్తామని వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో అమ్మను పట్టుకున్నాను.

"పనామెనా? అక్క పనామెనా?"

"మెల్లగ మాట్లాడు."

"నేనెందుకు మెల్లగ మాట్లాడాలె? నువ్వు ఎట్లన్నవ్ గట్ల?"

"నీ కోసమే గదనే అన్న! ఇంట్ల గిట్లాంటి పిల్ల ఉన్నదని తెలిస్తె నిన్నెవరు చేస్కుంటరు? మీ ఇంట్ల చెవుడు ఉన్నదా, పుట్టబోయే పిల్లలకు వస్తదా అని అడుగుతరు. నేనేం జవాబు చెప్పాలె?"

"జ్వరం వచ్చి పోయినయని చెప్పు. నిజం చెప్పు."

అమ్మ మసిగుడ్డ అందుకుంది. పొంగిన పాలు తుడుస్తూ నిలబడింది. ఆ రోజుల్లో ఆమె నోట "నీ కోసమే" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! జరిగిన ప్రతి అన్యాయానికీ నా పేరు పెట్టారు. నా కోపంలో సగం అందుకే.

గోదాములో బేళ్ళ మధ్య నిలబడి పిలిస్తే పక్కనున్న హమాలీకి కూడా సరిగా వినబడదు. గోనె, పీచు, దూది మాటను మింగేస్తాయి. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు నేను అలిగి అక్కడికి పోయి ఏడిస్తే ఎవరికీ తెలిసేది కాదు. బాపుకు ఆ ఆలోచన గోదాములో నిలబడ్డప్పుడే వచ్చి ఉంటుంది.

ఒకరోజు వడ్రంగిని పిలిపించాడు. అక్క గది నాలుగు గోడలకూ నిలువునా, అడ్డంగా కర్ర రీపర్లు కొట్టించాడు. ఆ గడుల్లో కొబ్బరిపీచు దట్టంగా కూరి, మీద గోనెపట్టా బిగించారు. దాని మీద పలచని పరుపుల్లా కుట్టిన దూది. తలుపు లోపలి వైపు కూడా అంతే. సందు వైపు కిటికీ మూసి రెక్కల సందుల్లో మట్టి, వరిపొట్టు కలిపి మెత్తారు. దాని మీద పీచు చాప. నేల మీద మందమైన పీచు పట్టాలు, వాటి మీద బొంత. ఒక్క పైన, కప్పు దగ్గర, గాలికని జానెడు సందు వదిలి, దానికీ వట్టివేళ్ళ తడక కట్టారు.

పనంతా బాపు దగ్గరుండి చేయించాడు. ఆ మాట చెప్పక తప్పదు. దబ్బనం తీసుకుని గోనెపట్టాలను ఆయనే స్వయంగా కుట్టాడు. ముడి ముడికీ దారం లాగి చూసుకున్నాడు. పీచులో నలకలు ఏరించాడు. ఆయన అంత శ్రద్ధగా చేసిన పని నేను మరొకటి చూడలేదు. అందుకే ఇంకా మండుతుంది. పట్టణంలో చెవుల డాక్టర్లు ఉన్నారు. చెవులు వినబడని వాళ్ళకు చదువు చెప్పే బడి ఉందని మా కాలేజీలో ఒక లెక్చరర్ చెప్పారు. వాటి దగ్గరికి ఒక్కనాడూ నడవని మనిషి, ఆమె నోరు మూయడానికి దబ్బనం పట్టుకుని గోడల వెంట తిరిగాడు.

అక్కకు ఏం చెప్పారో తెలుసా? చలి కొట్టకుండా, వాన జల్లు రాకుండా నీకు మంచి అర్ర చేస్తున్నం అన్నారు.

అక్క సంబరపడింది. "బాపు నాకు అర్ర చేయిస్తుండు!" అని ఇల్లంతా తిరిగి చెప్పింది. పైన వేసే గుడ్డ తానే ఎంచుకుంది. పసుపు మీద ఆకుపచ్చ తీగల పువ్వుల గుడ్డ. కుట్టే చోట బాపు పక్కన కూర్చుని దారాలు అందించింది. కిటికీ మూస్తున్నప్పుడు మాత్రం, "ఖాలాతోని ఎట్ల మాట్లాడాలె?" అని అడిగింది. "వానలు పోయినంక తీస్తం" అన్నాడు బాపు. ఆమె ఆయన పెదాలు చదివి తల ఊపింది. నమ్మింది.

పని అయిన రోజు బాపు నన్ను పిలిచాడు. "లోపలికి పోయి తలుపు ఏస్కొని ఒర్రు. ఎంత గట్టిగ ఒర్రగలవో గంత గట్టిగ ఒర్రు. నేను కింద నిలబడ్త."

వెళ్ళాను. అక్క లోపలే ఉంది, కొత్త గోడలను చెంపకు రాసుకుని చూసుకుంటోంది. తలుపు వేయగానే చెవుల్లో ఎవరో దూది పెట్టినట్టయింది. వీధి లేదు, ఇల్లు లేదు. నా ఊపిరి నాకే వినబడింది. అక్కకు నా పెదాలు కనబడకుండా గోడ వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాను.

"పనామె కాదు! నీ బిడ్డ! నీ పెద్ద బిడ్డ! సిగ్గు లేదా బాపూ నీకు!"

మాట నోట్లోంచి వచ్చి ఆ పువ్వుల గుడ్డ దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ అరిచాను. అనరాని మాటలు కూడా అన్నాను. అక్క వెనక నుంచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. చేతికి అదురు తెలిసినట్టుంది, నవ్వింది.

"పాట పాడుతున్నవా? ఏం పాట?"

తలుపు తీసుకుని బాపు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఒర్రినవా? ఒక్క ముక్క వినరాలే!" అన్నాడు. ఆయన ముఖం మీదనే మళ్ళీ అనాల్సింది. అక్క మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆ పువ్వుల గుడ్డ మీద నుంచి ఆమె చెయ్యి తీయలేదు. నేను బయటికి వచ్చేశాను.

ఇల్లు సద్దుమణిగింది. బాపు ఫోన్లో నిశ్చింతగా అరుచుకున్నాడు. అక్క పొద్దున వంట చేసి, అమ్మ చెప్పినట్టే తన గదిలోకి పోయి, ఎవరైనా పిలిస్తేనే వచ్చేది. "చూసినవా, అది కూడ మంచిగున్నది" అంది అమ్మ.

మంచిగా లేదు. మొదట నేనే గమనించాను. నేను గదిలోకి అడుగుపెడితే అక్క కెవ్వుమని అదిరిపడేది. ఎన్నడూ అలా ఉండేది కాదు, అడుగు తెలిసేది కదా. ఇప్పుడు పీచు పట్టాల మీద ఎవరు నడిచినా పిల్లి నడిచినట్టే. మంచం తిప్పుకుని తలుపుకు ఎదురుగా వేసుకుంది. కుట్టుపని చేస్తున్నా, బియ్యం ఏరుతున్నా కళ్ళు తలుపు మీదే. బాపు వస్తున్నాడని చెప్పడం మానేసింది. దుకాణం తీశారని చెప్పడం మానేసింది. నిద్రలో కూడా ఉలిక్కిపడి లేచేదని కళ్ళ కింది నలుపు చెప్పేది.

ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "రైళ్ళు బందయినయా?"

"లేదు, నడుస్తున్నయ్" అన్నాను.

"మరి నాకెందుకు తెలుస్తలేదు?" గోడ మీది మెత్తలో అరచెయ్యి అదిమి చూపించింది. వేళ్ళు మెత్తలోకి దిగిపోయాయి. "గోడ సచ్చిపోయిందే."

మేమందరం గొంతు బయటికి పోకుండా ఆపామనుకున్నాం. లోపలికి వచ్చేదాన్ని కూడా ఆపేశామన్నది ఎవరికీ తట్టలేదు. చెవులు జ్వరం తీసుకుపోయింది. మిగిలిన ఆ కాస్త వినికిడిని మేము తీసేశాం.

ఆ సాయంత్రమే బాపుతో చెప్పాను. "నేల మీది పట్టాలన్న తీయి బాపూ. ఆమెకు అడుగులు తెలుస్తలెవ్వు. భయపడుతుంది."

బాపు నవ్వాడు. "చెవిటిదానికి ఏం తెలుస్తది, ఏం తెల్వకపోతది? నువ్వు నీ పెండ్లి ఫికర్ చెయ్యి. వాళ్ళు మళ్ళ వస్తున్నరు."

అవును, ఆ కిరాణావాళ్ళే. ఈసారి పెద్దవాళ్ళను కూడా తీసుకుని వస్తామన్నారు. నాకు వద్దని చెప్పాను. వచ్చేవాళ్ళను రావద్దని అనలేం, కూర్చుని లేచిపో అన్నారు. వాన జోరుగా కురుస్తున్న మధ్యాహ్నం వచ్చారు. కింద గదిలో మాటలు సాగాయి. పిల్లవాడి తల్లి పైకప్పు వైపు చూసి, "ఈసారి మీ పనామె చప్పుడు లేదే?" అంది. "మాన్పించినం" అంది అమ్మ. అందరూ నవ్వారు. వాన తగ్గక వాళ్ళు చీకటిపడేదాకా కూర్చున్నారు.

వాళ్ళను సాగనంపి నేను పైకి వెళ్ళాను. అక్క గది తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి ఉంది.

గడియ తీశాను. దీపం లేదు. గుమ్మంలోంచి పడ్డ వెలుగులో అక్క నేల మీద కూర్చుని ఉంది. ఆమె చుట్టూ పీచు, దూది కుప్పలు. పువ్వుల గుడ్డ చించి, గోనె చించి, రీపర్ల మధ్య నుంచి పీచంతా పీకి, మోచెయ్యి పట్టేంత గుంత చేసింది. ఆ గుంతలో చెయ్యి పెట్టి సున్నపు గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుంది. గోళ్ళు విరిగి నెత్తురు కారుతోంది.

నన్ను చూసి పట్టుకుంది. గొంతు బొంగురుపోయింది, గాలి మాత్రమే వచ్చింది.

"తలుపు రాలే. ఎంత పిలిచినా ఎవ్వరు రాలే. అందరు సచ్చిపోయిన్రనుకున్న."

మధ్యాహ్నం నుంచీ పిలిచింది. మేము ఆమె కాళ్ళ కిందే కూర్చుని మిఠాయి తింటున్నాం. నేను కూడా. నా చెవులు కూడా.

అమ్మ వెనకనే వచ్చింది. "అయ్యో, మరిచిపోయిన. జరసేపని పెట్టిన" అంది. అప్పుడు ఆమె మీదికి చెయ్యెత్తబోయాను. ఎత్తలేదు. దానికి బదులు దీపం తెచ్చి, నా ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అక్క వైపు తిరిగి, ఒక్కొక్క మాట పెదాలతో నిదానంగా చెప్పాను. ఈ అర్ర చలికి కాదు. నీ గొంతు బయటికి పోకుండా కట్టిన్రు. నా పెండ్లి కోసమన్నరు. వచ్చినోళ్ళకు నువ్వు పనామెవని చెప్పిన్రు.

అమ్మ నా చెయ్యి లాగింది. విదిలించుకున్నాను.

అక్క చాలాసేపు నా పెదాల వైపే చూసింది, ఇంకేమైనా వస్తుందేమోనన్నట్టు. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "పనామెనా?" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క ఏడవలేదు. లేచి, గోడ మీది గుడ్డను పట్టుకుని పైనుంచి కిందికి ఒక్క గుంజు గుంజింది.

నేను గోదాములోకి పరుగెత్తి బేళ్ళు లాగే ఇనప కొక్కెం తెచ్చాను. ఇద్దరం కలిసి చీల్చాం. గోనె చీలుతుంటే వచ్చే ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దూది గాలిలో లేచి జుట్టు మీద, రెప్పల మీద పడింది. బాపు బిగించిన ముళ్ళు ఒక పట్టాన తెగలేదు. రీపర్లు మేకులతో సహా ఊడి వచ్చాయి. చివరికి కిటికీ దగ్గరికి వచ్చాం. చాప చించి, ఎండిన మట్టి పెళ్ళలు కొక్కెంతో రాలగొట్టి, రెక్కలు తోశాం. ఒక పట్టాన రాలేదు. అక్క భుజంతో కొట్టింది. తెరుచుకున్నాయి. వాన గాలి లోపలికి కొట్టింది.

చప్పుడుకు ఎదురు కిటికీ కూడా తెరుచుకుంది. ఖాలా లాంతరు పైకెత్తి పట్టుకుని చూసింది.

"అరె బేటీ! నువ్వు వరంగల్ల మీ అత్తమ్మ ఇంటికి పోయినవని చెప్పిన్రు గద! ఎప్పుడొచ్చినవ్?"

వరంగల్ మాట నాకూ తెలియదు. బాపు ఖాలా ఇంటాయనకు చెప్పాడట. అక్క ఆ పెదాలు చదివింది. ఆ బొంగురు గొంతుకు అంత బలం ఎక్కడి నుంచి తెచ్చుకుందో తెలియదు, సందు మారుమోగేలా అరిచింది.

"నేను యాడికి పోలే ఖాలా! ఇంట్లనే ఉన్న! గోడకు దూది పెట్టి మూసిన్రు! నేను పనామెను కాదు, ఈ ఇంటి పెద్ద బిడ్డను!"

సందులో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. కింద తడుస్తూ పోతున్న మనుషులు ఆగి పైకి చూశారు. ఖాలా లాంతరు పక్కన పెట్టి "యా అల్లా" అంటూ ఏడ్చేసింది.

అప్పుడు బాపు వచ్చాడు. గుమ్మంలో నిలబడి పీచు కుప్పలను, రీపర్లను, కొక్కెం పట్టుకున్న నన్ను చూశాడు. "పరువు తీసిన్రు. వాడంతా వినేటట్టు..." అన్నాడు.

"వాడంతా ఎప్పటినుంచో వింటుంది బాపూ. వాడకు లేని సిగ్గు నీకెందుకు? మధ్యాహ్నం నుంచి గొంతు పోయేదాక ఒర్రింది. నీకు ఒక్క ముక్క వినరాలే. సంబరపడు."

"నీ పెండ్లి కోసం..."

"నా పేరు చెప్పకు! నా పేరు చెప్పి ఇంకొక్క పని చెయ్యకు. వాళ్ళకు నేనే చెప్పి పంపిస్త. మా అక్క చెవిటిది, ఆమె గొంతు పెద్దది, ఆమె ఉన్న ఇంటికి వచ్చేటోళ్ళే రావాలె అని."

బాపు చెయ్యి లేచింది. అక్క మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె గోళ్ళ మీది నెత్తురు ఆయన అప్పుడే చూశాడు. చెయ్యి దించాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. క్షమించమని ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

తర్వాతి వారంలో ఆయన చేసిన ఒక పని చెప్పాలి. ఫోన్ మనిషిని పిలిపించి, వైరు పొడిగించి, టెలిఫోన్‌ను దుకాణం ముందు నుంచి తీసి వెనక గోదాములో పెట్టించుకున్నాడు. చుట్టూ గోనె బేళ్ళు, మధ్యలో ఒక కుర్చీ. కేరళ మనిషి గొంతు స్పష్టంగా వినిపించేది, బాపు అరవాల్సిన పనే లేకపోయింది. అంత సులువైన దారి ఇంట్లోనే ఉంది. మనిషిని మూయకుండా ఫోన్‌నే పీచు మధ్య పెట్టుకోవచ్చునని మొదటి రోజే తట్టి ఉండాల్సింది. తట్టకపోవడం తెలివితక్కువతనం కాదు. మూయడానికి ఒక మనిషి సులువుగా దొరికింది, అంతే.

కిరాణావాళ్ళకు నేను చెప్పించిన మాట చేరింది. మళ్ళీ రాలేదు. అమ్మ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అక్కను తీసుకుని నేనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆలస్యమైందని, నరమే పోయిందని, మిషన్ పెట్టినా పెద్దగా లాభం ఉండదని చెప్పాడు. జ్వరం తగ్గిన కొత్తలో తీసుకువచ్చి ఉంటే లాభం ఉండేదా అని అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ "చెప్పలేం" ఇప్పటికీ నాలో ముల్లులా ఉంది.

ఆ తర్వాత అక్క కిందికి దిగింది. ఎవరూ పిలవలేదు. ఒకనాడు పొద్దున్నే వచ్చి దుకాణంలో కూర్చుంది. సంచుల నాణ్యం చేత్తో తడిమి చెప్పడం ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చు. వీధి అవతల బండి దగ్గరున్న హమాలీని పిలవాలంటే ఆమె లేవనక్కర్లేదు. హమాలీలు ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు. "పెద్దక్క పిలిస్తె ఫలక్‌నుమాల ఉన్నా వినరావాలె" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

కొన్నేళ్ళకు నేను బ్యాంకులో చేరాను. అక్కడి ఒక సహోద్యోగిని పెళ్ళి చేసుకున్నాను. మొదటిసారి అతన్ని ఇంటికి తీసుకువచ్చినప్పుడు అక్క అతని ముఖంలోకి చూసి, "జీతమెంత? చాయ్ తాగుతవా?" అని ఇల్లు అదిరేలా అడిగింది. అతను కాస్త ఉలిక్కిపడి, తర్వాత నిదానంగా, పెదాలు కనబడేలా జవాబు చెప్పాడు. నాకు అది చాలు. పెళ్ళి రోజు అమ్మ నెమ్మదిగా, "అక్కను జర వెనక కూర్చోబెడుదామా, మంత్రాలు..." అని మొదలుపెట్టింది. నా ముఖం చూసి ఆపేసింది. అక్క నా పక్కనే కూర్చుంది. అయ్యవారి మంత్రాల మధ్య ఆమె మాటలన్నీ మండపం మొత్తం వింది.

బాపు పెద్దవాడయ్యాడు. దుకాణం క్రమంగా అక్క చేతికి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తినేవారు. ఆయనకు కూర వడ్డించి, చేప ముళ్ళు తీసినంత ఓపిగ్గా మునక్కాయ పీచు తీసిపెట్టేది. నేను ఎప్పుడైనా వెళ్ళినప్పుడు ఆ దృశ్యం చూసేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అక్కను అడిగాను.

"నీకు కోపం రాదా?"

"వచ్చింది. చింపిన గద" అంది. కింద వీధిలో ఎవరో తలెత్తి చూశారు. "నువ్వు ఇంక చింపుతనే ఉన్నవ్."

నిజమే. ఆమె మరిచిపోయి ఉండవచ్చు, క్షమించి ఉండవచ్చు. అది ఆమె ఇష్టం. నేను ఆ పని చేయలేదు. ఆ ఇంట్లో అందరం ఆమెను ప్రేమించాం అని చెప్పుకునేవాళ్ళం. బాపు చివరి రోజుల్లో కూడా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ దబ్బనం పట్టిన వేళ్ళను చూస్తూ, నేను ఏమీ అనలేదు. ముసలివాణ్ణి ఏమంటాం? కానీ నా కోపం తగ్గిందని ఆయనకు అబద్ధం కూడా చెప్పలేదు.